చేదు తగ్గిన పొట్లాలు

ఆత్మకూరు బస్టాండు ఎదురు సందులో నాకొక గది ఉండేది. బయట బోర్డు మీద నా పేరుకు ముందు డాక్టరు అని రాయించుకున్నాను. నేను డాక్టరును కాను. నెల్లూరులో ఒక డాక్టరు దగ్గర కొన్నేళ్ళు కాంపౌండరుగా పనిచేసి, ఆర్‌ఎంపీ సర్టిఫికెట్టు ఒకటి సంపాదించుకుని, తొంభైల మొదట్లో ఆ గది తెరిచాను. కలువాయి వైపు బస్సులు దిగిన రైతులూ కూలీలూ ముందు నా దగ్గరికే వచ్చేవాళ్ళు. సూది వేసి, పొట్లాలు కట్టి ఇచ్చేవాణ్ణి.

ఆ పొట్లాల గురించి కొంచెం వివరంగా చెప్పాలి. నా తప్పు వాటిలోనే ఉంది. నేను బిళ్ళల్ని స్ట్రిప్పుతో ఇచ్చేవాణ్ణి కాదు. కల్వంలో వేసి మెత్తగా నూరి, పొడిని కాగితంలో మడిచి ఇచ్చేవాణ్ణి. బిళ్ళ చూస్తే దాని పేరు తెలుస్తుంది, పేరు తెలిస్తే మనిషి తిన్నగా మందుల షాపుకే పోతాడు. పొడికి పేరుండదు. ఆ పొడిలో ఎక్కువ భాగం ప్రెడ్నిసొలోన్ అనే తెల్ల బిళ్ళ. స్టెరాయిడు. మోకాళ్ళ నొప్పికీ, ఆయాసానికీ, దురదకీ, దేనికైనా అదే. మూడో రోజుకు మనిషి లేచి తిరిగేవాడు. అందరూ నా హస్తవాసి మంచిదనేవాళ్ళు. నేను కాదనేవాణ్ణి కాదు.

పొట్లాలకు కాగితాలు ఉదయగిరి నుంచి మా అక్క పంపేది. అక్క అక్కడ మిషను వాళ్ళ ఎయిడెడ్ స్కూల్లో టీచరు. పరీక్షలు అయిపోయాక పిల్లల పాత పేపర్లు కట్టగట్టి, వచ్చినప్పుడల్లా తెచ్చేది. అందుకే నా పొట్లాల మీద పిల్లల రాతలూ, వాటి పక్కన అక్క ఎర్ర సిరా టిక్కులూ ఉండేవి. అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. నన్ను నెల్లూరులో కాంపౌండరు పనికి పెట్టిందీ ఆమే.

ఒక వేసవిలో అక్క చేతుల మీద నల్లగా కమిలిన మచ్చలు చూశాను. మోచేతి పైన ఒకటి, మెడ దగ్గర ఒకటి, పిక్కల మీద నాలుగైదు. అడిగితే మంచం కోడు తగిలిందంది. నేను నమ్మలేదు. చర్చిలో ఆడవాళ్ళు కూడా నమ్మలేదు. బావ టైలరు. నెమ్మదైన మనిషి. నెమ్మదైన వాళ్ళే ఇంట్లో చేయి చేసుకుంటారని నాకు నేను చెప్పుకుని, ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, చర్చి గేటు దగ్గర అందరూ చూస్తుండగా ఆయన చొక్కా పట్టుకున్నాను. అనకూడని మాటలన్నీ అన్నాను. ఆయన నా చేతులు విడిపించుకోను కూడా లేదు.

"మీ అక్కనడుగు అబ్బయా. నేను కొట్టినానని ఆమె చెప్తే నువ్వు కొట్టు, పడతా."

అక్క పరుగున వచ్చి నా చేతి మీద ఒక్కటేసింది. "రౌడీ మాదిరి ఏందిరా ఇది. ఏది తగిలినా కములుతుండాది, నేనేం చేసేది."

ఆ దెబ్బ వేసిన ఆమె అరచేయి సాయంత్రానికి కమిలింది. అప్పుడు గానీ నాకు భయం వేయలేదు. మర్నాడు అక్క పళ్ళు తోముకుంటుంటే చిగుళ్ళ నుంచి రక్తం ఆగకుండా వచ్చింది. ముగ్గురం నెల్లూరు బస్సెక్కాం.

నెల్లూరు ఆసుపత్రి డాక్టరు, నేను కాంపౌండరుగా చేసిన ఆయన కాదు, రక్త పరీక్ష కాగితం చూసి, ప్లేట్‌లెట్స్ ఉండాల్సిన దాంట్లో పదో వంతు కూడా లేవన్నాడు. ఇంకా ఏవేవో పరీక్షలు చేయించి, చివరికి విషయం తేల్చి చెప్పాడు. రక్తాన్ని గడ్డకట్టించేవి ఆ ప్లేట్‌లెట్స్. ఈమె శరీరమే వాటిని పరాయివనుకుని చంపేస్తోంది. ఎవరూ కొట్టకుండానే ఒళ్ళు కమిలేది అందుకే. పెద్దవాళ్ళలో ఇది పిల్లల్లో లాగా దానంతట అది తగ్గిపోవడం తక్కువ, మందు పడాల్సిందే అన్నాడు. ఎవరూ కొట్టకుండానే అన్న మాట దగ్గర బావ నా వైపు చూడలేదు. చూసి ఉంటే నాకు కాస్త తేలికయ్యేది.

డాక్టరు చీటీ రాసి నా చేతికిచ్చాడు. ప్రెడ్నిసొలోన్. రోజుకు ఆరు బిళ్ళలు, పొద్దున తిన్నాక, ఒకేసారి. నేను చీటీ వైపు చూస్తూ ఉండిపోయాను. నా సొరుగులో ఉండే బిళ్ళే. మోకాళ్ళ ముసలమ్మలకు నేను ఒకటీ అరా వేసి నూరే బిళ్ళ. ఆరు మరీ ఎక్కువ కదా సార్ అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి, నువ్వేం చదువుకున్నావు అని అడిగాడు. గది నిండా జనం ఉన్నారు. ఆ అవమానాన్ని లోపల పెట్టుకుని బయటికి వచ్చాను. నా తప్పులో దాని పాలు ఎంతో నాకు ఇప్పటికీ తెలియదు, కానీ ఉంది.

అక్కను పదిహేను రోజులు ఆసుపత్రిలో ఉంచారు. నర్సు పొద్దున్నే వచ్చి ఆరు బిళ్ళలు అరచేతిలో పోసి, మింగేదాకా నిలబడేది. వారం తిరిగేసరికి కొత్త మచ్చలు రావడం ఆగింది. రెండో వారానికి ప్లేట్‌లెట్స్ లెక్క బాగా పెరిగింది. ఇంటికి పంపుతూ డాక్టరు చెప్పింది ఒకటే. ఈ మందును తగ్గించేటప్పుడు మెట్టు మెట్టుగా, నేను చెప్పినప్పుడే తగ్గించాలి. ఎవరూ సొంతంగా ముట్టుకోవద్దు.

నెలకు సరిపడా బిళ్ళలు నెల్లూరులోనే కొన్నాం. బస్సులో కూర్చున్నాక అక్క చీటీ ఒడిలో పెట్టుకుని, సంచీలోంచి ఎర్ర పెన్ను తీసి, ఒక్కో స్ట్రిప్పు మీద పేరూ తేదీ చూసి టిక్కు పెట్టుకుంటూ వచ్చింది. హాజరు పట్టీ మాదిరిగా. ఆ తర్వాత బిళ్ళలు కొన్న ప్రతిసారీ అలాగే చేసింది. బావ నవ్వాడు. చీటీ తనకిస్తే పొద్దున్నే లెక్క ప్రకారం తనే ఇస్తానన్నాడు.

"బావా, నువ్వు గుడ్డ కత్తిరించుకో. మందు సంగతి నాకొదిలెయ్" అన్నాను.

ఆయన చీటీ కోసం చాచిన చేయి వెనక్కి తీసుకున్నాడు. చర్చి గేటు దగ్గర జరిగిన దానికి క్షమాపణ అడగాల్సిన వాణ్ణి, మళ్ళీ తీసిపారేసే మాటే అన్నాను.

ఆరు చేదు బిళ్ళలు మింగడం అక్కకు నిజంగానే కష్టంగా ఉండేది. గొంతులో పట్టుకుని వాంతి వచ్చేది. నేను నూరి ఇస్తాను, తేనెలో కలుపుకుని నాకెయ్యి అన్నాను. డాక్టరు రాసిన కాల్షియం బిళ్ళ కూడా కలిపి నూరి, పదిహేను రోజులకు పదిహేను పొట్లాలు కట్టి, మీద తేదీలు వేసి ఉదయగిరి తీసుకెళ్ళి ఇచ్చాను. మొదట్లో ఆరూ వేశాను. ఆ మాట నిజం.

నెల తిరిగేసరికి అక్క మొహం మారిపోయింది. బుగ్గలు ఉబ్బి కళ్ళు చిన్నవయ్యాయి. మెడ వెనక కండ పెరిగింది. నిద్ర లేదు, ఎప్పుడూ ఆకలి. చిన్న మాటకే కోపం, కోపం పోయాక ఏడుపు. ఒక ఆదివారం నేను వెళ్ళేసరికి నవ్వుతూ చెప్పింది.

"మూడో తరగతోడు బోర్డు మీద గుమ్మడికాయ గీసి, కండ్లు పెట్టి, కింద నా పేరు రాసినాడురా. గుమ్మడికాయ బాగా కుదిరింది, మార్కులెయ్యాల వాడికి."

నవ్వుతూనే కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఆ రోజు ఆరాధనకు రాలేదు. నా మొహం నాకే కొత్తగా ఉండాది, దేవుడైనా గుర్తుపడతాడో లేదో అంది.

అప్పటికి నా దగ్గర రెండేళ్ళుగా పొట్లాలు తీసుకుంటున్న కలువాయి రైతు ఒకాయన ఉండేవాడు. ఆయన మొహమూ అలాగే ఉబ్బింది. ఆ వర్షాకాలంలో గట్టు మీద జారి కూలబడితే వెన్నెముకలో ఎముక విరిగింది. ఆ మందు ఎముకల్ని తినేస్తుందని నాకు తెలుసు. తెలిసీ ఆయనకు ఇచ్చాను, ఆయన మంచాన పడ్డాక మిగతా వాళ్ళకూ ఇస్తూనే ఉన్నాను. అక్కను చూశాకే నాకు భయం వేసింది. ఊరి వాళ్ళ ఎముకల గురించి వేయని భయం.

ఆ వారం కల్వంలో ఐదు బిళ్ళలు వేశాను. పై వారం నాలుగు. తర్వాత మూడు. పొడి తగ్గినట్టు కనపడకుండా కాల్షియం ఎక్కువ కలిపాను. అక్కకు చెప్పలేదు. చెబితే ఒప్పుకోదు. నెల్లూరు డాక్టరు చెప్పిన ప్రతి మాటా ఆమె నోటుబుక్కులో రాసుకుంది. నా లెక్క ఏమిటంటే, పెరగాల్సింది ఎలాగూ పెరిగింది, ఇక సగం చాలు. ఆ లెక్క నాకు ఎవరూ నేర్పలేదు. మోకాళ్ళ నొప్పి తగ్గాక బిళ్ళ తగ్గించినట్టే, ప్లేట్‌లెట్స్‌కూ తగ్గించాను.

ఒక రోజు పొట్లం నాలుక మీద వేసుకుని అక్క అంది: "ఈసారి చేదు తగ్గిందిరా."

"కాల్షియం కలిపినా" అన్నాను.

"మంచి పని చేసినావు."

మిగిలిన స్ట్రిప్పులు నా సొరుగులో వేశాను. పారేయడం ఎందుకని మోకాళ్ళ వాళ్ళ పొట్లాల్లోకి వాడుకున్నాను. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

అక్క మొహం వాపు కొంచెం తీసింది. చర్చిలో ఆడవాళ్ళు బాగున్నావన్నారు. నేను గర్వపడ్డాను. మూడు వారాలు అయ్యేసరికి పిక్కల మీద ఎర్రటి చుక్కలు, తర్వాత మచ్చలు. నెల్లూరు వెళితే లెక్క మళ్ళీ పడిపోయింది. డాక్టరు మళ్ళీ చేర్చుకుని, అవే ఆరు బిళ్ళలు నర్సు చేత ఇప్పించాడు. పది రోజులు ఆసుపత్రిలో ఉంచితే మళ్ళీ పెరిగింది. ఇంటికొచ్చాక రెండు వారాలు ఆరూ వేశాను. మళ్ళీ మొహం ఉబ్బింది, మళ్ళీ ఏడ్చింది, నేను మళ్ళీ తగ్గించాను. రెండోసారి ఎందుకు చేశానో సరిగ్గా చెప్పలేను. మొదటిసారి తెలియక చేశానని చెప్పుకోవచ్చు. రెండోసారికి ఆ సాకు లేదు. నా లెక్క తప్పని ఒప్పుకోవడం కంటే, ఈసారి నాలుగుతో ఆగితే సరిపోతుందనుకోవడం తేలికైంది.

క్లాసులో పాఠం చెబుతుండగా అక్క ముక్కు నుంచి రక్తం కారింది. రెండు చీర కొంగులు తడిసినా ఆగలేదట. బావ జీపు మాట్లాడుకుని వస్తూ, ఆత్మకూరులో నన్ను ఎక్కించుకున్నాడు.

ఆ రోజు నెల్లూరు డాక్టరు గదిలో నేను అక్క పక్కనే స్టూలు మీద కూర్చున్నాను. ఆయన పాత కాగితాలన్నీ వరసగా పరిచి చూశాడు. ఆసుపత్రిలో ఉన్నప్పుడు లెక్క పెరుగుతోంది, ఇంటికి వెళ్ళగానే పడిపోతోంది.

"అమ్మా, మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నారా?"

"ఒక్క పూట తప్పలేదు సార్. నా తమ్ముడే నూరి పొట్లాలు కట్టి ఇస్తాడు. తేదీలు కూడా వేసి ఇస్తాడు."

డాక్టరు నా వైపు చూశాడు. ఈసారి ఏం చదువుకున్నావని అడగలేదు. "ఆరూ వేస్తున్నావు కదా?" అన్నాడు, మామూలుగా, నమ్మకంగా.

నేను తల ఊపాను.

అంతే జరిగింది. నోరు కూడా విప్పలేదు. ఆయన కాగితాలు దగ్గరికి తీసి, అయితే ఆరు బిళ్ళలు వేస్తున్నా ఈమెకు లెక్క నిలవడం లేదన్నమాట అన్నాడు. పెద్ద మోతాదు ఏళ్ళ తరబడి ఇవ్వలేం, ఎముకలూ షుగరూ పాడవుతాయి. వేరే మాత్రలు ఉన్నాయి, అవి పని చేయడానికి నెలలు పడుతుంది, అంతదాకా ఈ రక్తస్రావంతో ఆగలేం. ప్లేట్‌లెట్స్‌ను చంపే పని ఎక్కువగా జరిగేది ఎడమ డొక్కలో ఉండే ప్లీహంలో. దాన్ని తీసేస్తే చాలామందికి నిలుస్తుంది. అక్క నోటుబుక్కు తీసి ప్లీహం అని రాసుకుంది. అది లేకుండా మనిషి బతకొచ్చా సార్ అని అడిగింది. బతకొచ్చు, కానీ జ్వరాలకు జీవితాంతం భయపడాలి అన్నాడు ఆయన.

ఆపరేషనుకు ముందు లెక్క త్వరగా పెంచే సీసా మందు ఒకటి ఉందట, మాకు అందేది కాదు. అందుకని మళ్ళీ అవే బిళ్ళలు, మళ్ళీ నర్సు చేతి మీదుగా. పది రోజులకు లెక్క పెరిగింది. రోజూ నేను మంచం పక్కన నిలబడి ఆ ఆరు బిళ్ళలూ ఆమె నోట్లోకి పోవడం చూశాను. చెప్పడానికి నాకు పది రోజులు టైముంది. సార్, నేను సగమే ఇచ్చినాను, ఈ మందు పని చేస్తుందో లేదో మీకు ఇంకా తెలియదు అని ఒక్క మాట. ఆపరేషను ముందు రోజు డాక్టరు గది గుమ్మం దాకా వెళ్ళాను. లోపల జనం ఉన్నారని తిరిగొచ్చాను. ఎప్పుడైనా ఉంటారు జనం.

ప్లీహం తీసేశారు. ఆ తర్వాత లెక్క నిలిచింది, బిళ్ళలు కొన్ని నెలల్లో మెట్టు మెట్టుగా ఆపేశారు. సరిగ్గా ఆరు వేసి, డాక్టరు చెప్పినట్టు తగ్గించుకుంటూ వచ్చినా చివరికి ఆ ఆపరేషను తప్పేది కాదేమో. అలాంటి వాళ్ళూ చాలామంది ఉంటారని తర్వాత తెలుసుకున్నాను. ఆ మాట నాకు నేను ఎన్నోసార్లు చెప్పుకున్నాను. తప్పేదో తప్పేది కాదో తెలుసుకునే అవకాశమే లేకుండా చేసింది నేను.

కోలుకున్నాక ఒక ఆదివారం అక్క చర్చిలో సాక్ష్యం చెప్పడానికి నిలబడింది. ఎడమ చేయి డొక్క మీద పెట్టుకుని మాట్లాడింది. దేవునికీ, డాక్టరుకూ, భర్తకూ కృతజ్ఞతలు చెప్పి, చివర్లో, ఆరు నెలలు తన చేత్తో మందు నూరి ఇచ్చిన తన తమ్ముడి కోసం ప్రార్థన చేయమంది. అందరూ ఆమెన్ అన్నారు. బావ నా భుజం మీద చేయి వేశాడు. అదే చర్చి, అదే జనం. ఆ చేతి కింద నేను కదలకుండా కూర్చున్నాను.

పరీక్షలయ్యాక అక్క పాత పేపర్ల కట్ట చంకలో పెట్టుకుని ఆత్మకూరు వచ్చింది. నేను ఒక ముసలమ్మకు మోకాళ్ళ పొట్లాలు కడుతున్నాను. సొరుగులోంచి స్ట్రిప్పు తీసి, బిళ్ళ నొక్కి కల్వంలో వేశాను. ఆ స్ట్రిప్పుల సంగతి నేను మరిచిపోయాను. అంత అలవాటుగా వాడుతున్నాను. ముసలమ్మ పొట్లాలు కొంగున కట్టుకుని వెళ్ళేదాకా అక్క బల్ల మీద కూర్చుంది. తర్వాత లేచి వచ్చింది.

"ఆ స్ట్రిప్పు ఇట్టా ఇయ్యి."

తిప్పి చూసింది. వెనక ఎర్ర సిరా టిక్కు. సొరుగు తనే లాగింది. టిక్కులున్నవి ఇంకా నాలుగు ఉన్నాయి.

"ఎన్ని వేసేవాడివి?"

"ఒకప్పుడు నాలుగు. ఒకప్పుడు మూడు."

ఆమె స్ట్రిప్పుల్ని బల్ల మీద ఒకదాని పక్కన ఒకటి పెట్టింది.

"డాక్టరు అడిగినప్పుడు నా పక్కనే కూర్చోనుండావు."

"ఊ."

"తల ఊపినావు. నేను చూసినా."

నీ మొహం చూడలేక చేసినాను అక్కా అన్నాను. నువ్వు ఏడుస్తుంటే ఓర్చుకోలేక అన్నాను. ఇంకా ఏదో అనబోతుంటే చేయెత్తి ఆపింది.

"మొహం నాదిరా. ఏడ్చేది నేను, మింగేది నేను. నన్నడగాల గదా."

అరవలేదు. పిల్లవాడికి లెక్క ఎక్కడ తప్పిందో చూపించినట్టు చెప్పింది. తెచ్చిన పేపర్ల కట్ట మళ్ళీ చంకలో పెట్టుకుని బస్టాండుకు నడిచింది. నేను వెనక వెళ్ళాను. ఉదయగిరి బస్సులో కిటికీ పక్కన కూర్చుని, బస్సు కదిలేదాకా చీటీ చదువుతున్నట్టు టిక్కెట్టు వైపే చూసింది.

బావకు ఆమె చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఆయన ఇప్పటికీ ప్రతి క్రిస్మసుకూ నాకు ఒక చొక్కా కుట్టి పంపుతాడు. కొలతలు అడగడు, ఆయన చేతికి తెలుసు. అది తొడుక్కుని చర్చికి వెళతాను.

ఆ తెల్ల బిళ్ళ వాడటం మానేశాను. బోర్డు మీద డాక్టరు అన్న మాట చెరిపించాను. దీన్ని మంచితనంగా చెప్పడం లేదు, చాలా ఆలస్యంగా చేసిన పని. జనం తగ్గారు. ఒకావిడ నా మొహానే అంది, ముందటి హస్తవాసి నీకు పోయినట్టుండాది అని. నిజమే, అదంతా ఆ బిళ్ళదే.

రెండేళ్ళ తర్వాత వానల్లో అక్కకు జ్వరం వచ్చింది. జ్వరం తగిలిన వెంటనే వేసుకోవాల్సిన బిళ్ళలు ఆపరేషను అప్పుడే డాక్టరు రాసిచ్చాడు, వేసుకుని వెంటనే నెల్లూరు రమ్మన్నాడు. ఇంట్లో అయిపోయాయి, ఉదయగిరి షాపులో దొరకలేదు. బావ ఆమెను పట్టుకుని నా గది ముందు బస్సు దిగాడు. ఆపరేషను తర్వాత ఆమె ఆ గడప తొక్కడం అది రెండోసారి. ఒళ్ళు కాలిపోతోంది. బిళ్ళలు నా దగ్గర ఉన్నాయి.

"గొంతు నొప్పంటుండాది అబ్బయా. నూరి ఇయ్యి, నీకలవాటే గదా" అన్నాడు బావ.

నేను అలవాటు కొద్దీ కల్వం దగ్గరికి జరిగాను.

"నూరొద్దు" అంది అక్క. "స్ట్రిప్పు అట్నే ఇయ్యి."

ఇచ్చాను. సంచీలోంచి చీటీ తీసి, స్ట్రిప్పు మీద పేరును అక్షరం అక్షరం చీటీతో పోల్చుకుంది. తేదీ చూసింది. ఎర్ర పెన్ను తీసి వెనక టిక్కు పెట్టింది. తనే బిళ్ళ నొక్కుకుని, నేను పట్టిన గ్లాసు తీసుకోకుండా తన సీసాలో నీళ్ళతో మింగింది. మింగడానికి చాలాసేపు పట్టింది.

బావ నవ్వాడు. "చూసినావా అబ్బయా. టీచరమ్మ గదా, నీ పేపరు కూడా దిద్దుతుండాది."

ఆమె నా వైపు చూడలేదు. మిగిలిన బిళ్ళలు లెక్కపెట్టి సంచీలో వేసుకుని, నెల్లూరు బస్సు ఎన్నింటికని అడిగింది. బావను అడిగింది.